యూనిక్స్ తరహా వ్యవస్థల్లో పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఎంపిక

యూనిక్స్, దాని బాటలో వచ్చిన లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, సోలారిస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు వాడుకరి పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచవు. దాన్ని ఒక గణిత ప్రక్రియలో వేసి, వచ్చిన అక్షరాల వరుసను మాత్రమే ఫైల్లో రాసిపెడతాయి. లాగిన్ వేళ వాడుకరి టైపు చేసిన మాటను మళ్ళీ అదే ప్రక్రియలో వేసి, రెండు ఫలితాలూ ఒకటైతే లోపలికి రానిస్తాయి. ఆ ప్రక్రియ ఏదై ఉండాలన్నది వ్యవస్థను నిర్వహించే అడ్మిన్ చేతిలో ఉన్న నిర్ణయం. దీన్నే పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఎంపిక అంటారు.

ఎన్‌క్రిప్షన్ అన్న మాట ఇక్కడ నిజానికి సరిపోదు. ఎన్‌క్రిప్షన్ అంటే తాళం వేయడం. తాళంచెవి ఉన్నవారు తీయగలరు. ఇక్కడ తాళంచెవే లేదు. మర పట్టిన పిండిని మళ్ళీ బియ్యం చేయలేనట్టే, ఫైల్లోని వరుస నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టే దారి లేదు. సరైన పేరు హ్యాషింగ్, ఫలితానికి పేరు హ్యాష్. తొలి రోజుల్లో ఈ పనికి ఎన్‌క్రిప్షన్ యంత్రాలనూ సూత్రాలనూ వాడినందువల్ల పాత పేరు అంటిపెట్టుకుపోయింది. సెట్టింగ్ ఫైళ్ళలోనూ, ఇన్‌స్టలేషన్ తెరల మీదా నేటికీ అదే కనిపిస్తుంది.

ఈ ఎంపిక దేనికి రక్ష అన్నది ముందే తేల్చుకోవాలి. మోసపు మెయిల్‌కు లొంగి వాడుకరి తానే పాస్‌వర్డ్ చెప్పేస్తే ఏ పద్ధతీ కాపాడదు. లాగిన్ తెర దగ్గర కూర్చుని ఒక్కొక్క మాటే కొట్టి చూసేవాణ్ణి ఆపడానికి వేరే ఏర్పాట్లున్నాయి. హ్యాషింగ్ పద్ధతి అక్కరకొచ్చేది హ్యాష్‌లున్న ఫైలు దొంగ చేతిలో పడిన తరువాత. అప్పుడు దొంగ తన సొంత కంప్యూటర్ మీద, ఎవరి అడ్డూ లేకుండా, ఊహించిన ప్రతి మాటనూ అదే ప్రక్రియలో వేసి పోల్చి చూస్తాడు. పిండి నుంచి బియ్యం రాకపోయినా, రకరకాల బియ్యం తెచ్చి మర పట్టి ఏ పిండి ఇలా ఉందో చూడవచ్చు కదా! పద్ధతి ఎంపిక అంటే ఆ ఒక్కొక్క ఊహకూ దొంగ చెల్లించాల్సిన ధరను నిర్ణయించడమే.

తొలి అడుగులు

పాస్‌వర్డ్‌లను మామూలు అక్షరాల్లోనే ఉంచితే ఏమవుతుందో యూనిక్స్ పుట్టకముందే తెలిసింది. అమెరికాలోని ఎంఐటీలో సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థ నడిచేది. 1966లో అక్కడ ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో వేర్వేరు ఫైళ్ళను దిద్దుతూ ఉండగా ఎడిటర్ వాడే తాత్కాలిక ఫైళ్ళు తారుమారయ్యాయి. ఆ రోజు లాగిన్ అయినవారికి స్వాగత సందేశం బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా టెర్మినల్ మీద అచ్చయింది. దొంగ లేడు, దురుద్దేశం లేదు. ఫైలు మాత్రం ఊరందరి చేతికీ వెళ్ళింది.

బెల్ లాబ్స్‌లో యూనిక్స్ తొలి రూపాలు కూడా పాస్‌వర్డ్‌లను అలాగే దాచేవి. ఆ తరువాత రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా సైనిక సంకేత యంత్రం ఎం-209ను అనుకరించే ప్రోగ్రామ్‌ను వాడారు. ఆ అనుకరణ బాగానే పనిచేసింది, కానీ మరీ వేగంగా పనిచేసింది. పీడీపీ-11/70 కంప్యూటర్ మీద జాగ్రత్తగా రాసిన ప్రోగ్రామ్ ఒక్కో పాస్‌వర్డ్‌ను 1.25 మిల్లీ సెకన్లలో పరీక్షించగలిగేది. మామూలుగా వేగం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు గుణం. ఈ ఒక్క చోట అది దోషం.

బెల్ లాబ్స్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ఈ అనుభవాన్ని 1979లో ఒక వ్యాసంగా ప్రచురించారు. వాళ్ళు సేకరించిన 3,289 పాస్‌వర్డ్‌ల్లో 15 ఒకే ఒక్క అక్షరం, 72 రెండక్షరాలు, 464 మూడక్షరాలు. ఇతర పొట్టి పాస్‌వర్డ్‌లనూ, నిఘంటువు మాటలనూ కలుపుకుంటే మొత్తం 2,831, అంటే 86 శాతం, తేలిగ్గా దొరికేవే. మనుషులు మారరు కనుక ప్రక్రియను నెమ్మది చేయాలన్నది వాళ్ళు తేల్చిన మాట. ఈ రంగంలో ఆ తరువాత జరిగిందంతా దాదాపు ఆ మాటకు వ్యాఖ్యానమే.

డీఈఎస్ క్రిప్ట్

1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో వచ్చిన క్రిప్ట్ అనే ఫంక్షన్ ఆ ఆలోచనకు తొలి రూపం. అప్పటి అమెరికా ప్రభుత్వ ఎన్‌క్రిప్షన్ ప్రమాణమైన డీఈఎస్‌ను అది తలకిందులుగా వాడింది. పాస్‌వర్డ్ రహస్య సందేశం కాదు, తాళంచెవి. ఆ తాళంచెవితో 64 సున్నా బిట్ల దిమ్మను ఎన్‌క్రిప్ట్ చేసి, ఫలితాన్ని మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేసి, అలా 25 సార్లు తిప్పుతుంది. 1970ల కంప్యూటర్లు ఈ పనిని సెకనుకు నాలుగుసార్లు కూడా చేయలేకపోయేవి.

ఇందులోని రెండో కొత్తదనం సాల్ట్. పేరుకు తగ్గట్టు ఇది చిటికెడు ఉప్పే. పాస్‌వర్డ్ పెట్టిన క్షణంలో యాదృచ్ఛికంగా ఎంచిన 12 బిట్ల సంఖ్యను ప్రక్రియలో కలుపుతారు, దాన్ని హ్యాష్ పక్కనే బాహాటంగా రాసిపెడతారు. ఇద్దరు వాడుకరులు ఒకే మాట పెట్టుకున్నా సాల్ట్ వేరైతే హ్యాష్‌లు వేరవుతాయి. దొంగ ముందుగానే నిఘంటువు మొత్తానికి హ్యాష్‌లు కట్టి పెట్టుకుందామంటే ఒక్కో మాటకు 4,096 రకాలు కట్టాలి. పైగా ఈ సాల్ట్ డీఈఎస్ లోపలి అమరికనే కాస్త మార్చేస్తుంది కనుక, బజారులో దొరికే డీఈఎస్ చిప్‌లు ఈ పనికి అక్కరకు రావు.

ఫలితం 13 అక్షరాలు: మొదటి రెండు సాల్ట్, మిగతా పదకొండు హ్యాష్. ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపం పాస్‌వర్డ్‌లో మొదటి ఎనిమిది అక్షరాలనే, వాటిలోనూ ఒక్కోదానికి ఏడు బిట్లనే చూడటం. తొమ్మిదో అక్షరం నుంచి ఏం కొట్టినా ఒకటే.

పద్ధతి గట్టిదే అయినా ఫైలును ఎవరైనా చదవగలిగేలా వదిలేయడం మరో తప్పు. వాడుకరుల పేర్లు, హోమ్ డైరెక్టరీల వివరాలు కూడా అందులోనే ఉండేవి కనుక పాస్‌వర్డ్ ఫైలును మూసేయడం కుదిరేది కాదు. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లోకి విడుదలైన వర్మ్ (తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్) ఆ ఫైలును చదివి, తనతో తెచ్చుకున్న 432 పదాల చిట్టానూ, వాడుకరుల పేర్ల రకరకాల రూపాలనూ వేసి చూసింది. దాన్ని రాసింది రాబర్ట్ టాపన్ మోరిస్. సాల్ట్‌ను యూనిక్స్‌కు తెచ్చిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ మోరిస్ కొడుకే ఇతను. హ్యాష్‌లను రూట్ అనే నిర్వాహక ఖాతా మాత్రమే చదవగల షాడో ఫైల్లోకి మార్చే ఏర్పాటు ఆ కాలంలోనే సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌లోకి వచ్చింది. బీఎస్‌డీలు ఇదే పనికి మాస్టర్ పాస్‌వర్డ్ ఫైలును వాడతాయి.

డీఈఎస్ క్రిప్ట్ ఎంత పాతబడిందో చెప్పడానికి ఒక ఉదంతం ఉంది. పాత బీఎస్‌డీ నిధిలో దొరికిన ఒక పాస్‌వర్డ్ ఫైల్లో యూనిక్స్ తొలి తరం రూపకర్తల హ్యాష్‌లున్నాయి. చాలావరకు త్వరగానే విడిపోయాయి. కెన్ థాంప్సన్‌ది మాత్రం కొన్నేళ్ళు లొంగలేదు. 2019లో సెకనుకు దాదాపు 93 కోట్ల ఊహలు వేసే ఒక్క గ్రాఫిక్స్ కార్డు నాలుగు రోజులకు పైగా నడిచి దాన్ని తేల్చింది. చూస్తే అది చదరంగంలో మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు జరిపే ఎత్తు, పాత సంజ్ఞామానంలో రాసినది. సరిగ్గా ఎనిమిది అక్షరాలు. గుర్తులూ అంకెలూ కలిసి ఉండటం వల్లే అంతకాలం నిలిచింది. ఎనిమిదీ చిన్న బడి ఇంగ్లిషు అక్షరాలే అయి ఉంటే మొత్తం 20,883 కోట్ల కూర్పులను ఆ కార్డు నాలుగు నిమిషాల లోపే చుట్టబెట్టేది.

ఎండీ5 నుంచి షా వరకు

1990ల తొలినాళ్ళలో డీఈఎస్‌ను వదిలించుకోవడానికి భద్రత ఒక్కటే కారణం కాదు. అమెరికా ఎగుమతి ఆంక్షల వల్ల డీఈఎస్ కోడ్‌ను దేశం దాటించడం చిక్కుగా ఉండేది. డెన్మార్క్‌కు చెందిన పోల్-హెన్నింగ్ కాంప్ 1994లో ఫ్రీబీఎస్‌డీ కోసం ఎండీ5 అనే హ్యాష్ ఆధారంగా కొత్త పద్ధతి రాశారు. సాల్ట్ ఎనిమిది అక్షరాల దాకా పెరిగింది, పాస్‌వర్డ్ పొడవుకు ఎనిమిదక్షరాల గీత చెరిగిపోయింది, ప్రక్రియ వెయ్యి చుట్లు తిరుగుతుంది. లినక్స్ పంపిణీలూ దీన్ని అందిపుచ్చుకున్నాయి.

ఈ పద్ధతి మిగిల్చిన విలువైన వారసత్వం మరొకటి. హ్యాష్ మొదట్లో $1$ అని ఒక గుర్తు ఉంటుంది. ఏ ప్రక్రియతో తయారైందో హ్యాష్ తనంతట తానే చెబుతుంది. దీనివల్ల ఒకే ఫైల్లో పాత కొత్త పద్ధతుల హ్యాష్‌లు పక్కపక్కనే ఉండగలిగాయి. ఆ తరువాత వచ్చిన పద్ధతులన్నీ డాలర్ గుర్తుల మధ్య తమ ఇంటిపేరు రాసుకోవడం మొదలుపెట్టాయి. అడ్మిన్‌కు ఎంపిక అనేది ఒకటి చేతికొచ్చిందంటే ఈ చిన్న గుర్తు పుణ్యమే.

అయితే వెయ్యి చుట్లన్న సంఖ్య కోడ్‌లో పాతుకుపోయింది. పెంచుకునే వీలు లేదు. 2012లో లింక్డ్‌ఇన్ సంస్థ నుంచి లక్షలాది హ్యాష్‌లు బయటపడిన రోజుల్లో, తన పద్ధతి ఇక సురక్షితం కాదని కాంప్ స్వయంగా ప్రకటించారు. మామూలు గ్రాఫిక్స్ కార్డుల మీద సెకనుకు పది లక్షల ఊహలు వేయడం అప్పటికే సాధ్యమైంది. ఆరు చిన్న బడి అక్షరాల పాస్‌వర్డ్‌లు 30.9 కోట్లు, ఆ వేగంతో అవన్నీ అయిదు నిమిషాల పని. తొలినాటి క్రిప్ట్ వేగంతో అయితే రెండేళ్ళ పైమాట. తన సృష్టికి తానే చివరి తేదీ వేసిన రచయితలు ఈ రంగంలో అరుదు.

రెడ్ హ్యాట్‌లో పనిచేసిన ఉల్రిష్ డ్రెప్పర్ 2007లో షా-256, షా-512 ఆధారంగా రెండు పద్ధతులు తెచ్చారు. వాటి గుర్తులు $5$, $6$. ప్రభుత్వ సంస్థలు, బ్యాంకులు అమెరికా ప్రమాణ సంస్థ నిస్ట్ ఆమోదించిన హ్యాష్‌లనే కోరడం దీనికి ప్రేరణ. సాల్ట్ 16 అక్షరాలు, మామూలుగా 5,000 చుట్లు. అడ్మిన్ కావాలంటే 1,000 నుంచి 99,99,99,999 వరకు మార్చుకోవచ్చు. లినక్స్ ప్రపంచంలో దశాబ్దానికి పైగా $6$ రాజ్యమేలింది. ఫ్రీబీఎస్‌డీ కూడా 2012లో దీనికే మారింది. దీని బలహీనత చుట్ల సంఖ్యలో లేదు. షా లెక్కకు మెమరీ దాదాపు అక్కర్లేదు కనుక, వేలాది చిన్న లెక్కలను ఒకేసారి నడిపే గ్రాఫిక్స్ కార్డుకు అది సులువైన మేత. అడ్మిన్ చుట్లు రెట్టింపు చేస్తే దొంగ ఖర్చూ రెట్టింపవుతుంది, నిజమే. కానీ దొంగ ఖర్చు మొదటినుంచీ అడ్మిన్ ఖర్చులో అతి చిన్న భాగం.

సోలారిస్ దారి కాస్త విచిత్రం. సోలారిస్ 9 కాలంలో సన్ సంస్థ పద్ధతులను విడి భాగాలుగా అమర్చుకునే వీలు కల్పించి, తన సొంత ఎండీ5 రూపాన్నీ చేర్చింది. దాని రూపకర్త ఎలెక్ మఫెట్ అంతకుముందు 1991లో పాస్‌వర్డ్‌లను ఛేదించే క్రాక్ అనే ప్రోగ్రామ్ రాసినవారు. ఈ పద్ధతి కోడ్‌లో హ్యామ్లెట్ నాటకంలోని ప్రసిద్ధ స్వగతం మొత్తం ఇమిడి ఉంది. ప్రతి చుట్టులోనూ బొమ్మా బొరుసూ వేసినట్టు ఒక లెక్క జరుగుతుంది. ఒక వైపు పడితే ఆ స్వగతాన్ని కూడా కలిపి హ్యాష్ చేస్తుంది. పని ఎప్పుడు పెరుగుతుందో ముందుగా తెలియకుండా చేసి, ప్రత్యేక హార్డ్‌వేర్‌ను తికమకపెట్టడం ఉద్దేశం.

బీక్రిప్ట్

డ్రెప్పర్ కంటే పదేళ్ళ ముందే ఓపెన్‌బీఎస్‌డీ వేరే దారి పట్టింది. కెనడాలో నడిచే ఆ ప్రాజెక్టుకు అమెరికా ఎగుమతి ఆంక్షల బెడద లేదు. 1993లో బ్రూస్ ష్నయర్ రూపొందించిన బ్లోఫిష్ సాంకేతికలిపికి తాళంచెవిని సిద్ధం చేసే దశ చాలా నెమ్మది. ఎవరైనా దోషమనుకునే ఆ గుణాన్నే నీల్స్ ప్రొవోస్, డేవిడ్ మాజియర్ పట్టుకుని, ఇంకా నెమ్మది చేసి బీక్రిప్ట్ తయారుచేశారు. 1997లో ఓపెన్‌బీఎస్‌డీ 2.1లో వచ్చింది, దాన్ని వివరించే వ్యాసం 1999లో యూజ్‌నిక్స్ సదస్సులో వెలువడింది.

దీని సారం ఖర్చు సంఖ్యలో ఉంది. 4 నుంచి 31 వరకు ఉండే ఈ సంఖ్యను ఒకటి పెంచితే పని రెట్టింపవుతుంది. కంప్యూటర్లు వేగం పుంజుకున్న కొద్దీ అడ్మిన్ ఈ సంఖ్యను ఒక మెట్టు ఎక్కిస్తే చాలు, పద్ధతి మార్చనక్కర్లేదు. తొలుత ఓపెన్‌బీఎస్‌డీ మామూలు వాడుకరులకు 6, రూట్‌కు 8 పెట్టింది. లెక్క సాగుతున్నంతసేపూ నాలుగు కిలోబైట్ల పట్టికను తిరగరాస్తూ ఉండటం వల్ల గ్రాఫిక్స్ కార్డులకు ఇది షా అంత సుళువుగా లొంగదు. సాల్ట్ 128 బిట్లు, హ్యాష్ మొత్తం 60 అక్షరాలు. పాతికేళ్ళు దాటినా సరైన ఖర్చుతో నడిపితే ఇది నేటికీ నిలబడే పద్ధతి. ఓపెన్‌బీఎస్‌డీ అయితే పాతవాటిని తీసేసి దీనొక్కదాన్నే ఉంచుకుంది.

బీక్రిప్ట్ గుర్తులో 2 తరువాత ఇంగ్లిషు ఎ, బి, ఎక్స్, వై అక్షరాల్లో ఏదో ఒకటి కనబడుతుంది. ఇవి కొత్త పద్ధతులు కావు, పాత పొరపాట్ల మచ్చలు. లినక్స్ పంపిణీల్లో విరివిగా వాడిన ఒక అమలులో, ఎనిమిదో బిట్ వెలిగి ఉన్న బైట్లను తప్పుగా చదివే దోషం 2011లో బయటపడింది. అలాంటి ఒక బైటు తనకు ముందున్న అక్షరాల ప్రభావాన్ని కూడా తుడిచివేయగలిగేది. దోషంతో తయారైన పాత హ్యాష్‌లకు ఎక్స్, సరిచేసినవాటికి వై కేటాయించారు. ఇంగ్లిషు అక్షరాలతోనే పాస్‌వర్డ్ పెట్టుకునేవారికి ఈ దోషం అంటలేదు.

ఇంగ్లిషేతర లిపుల పాస్‌వర్డ్‌లు

తెలుగు లిపిలో పాస్‌వర్డ్ పెట్టుకునేవారికి మాత్రం బీక్రిప్ట్‌లోని ఆ దోషం నేరుగా తగిలేది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తూ మూడు బైట్లు తీసుకుంటుంది, ఆ మూడింటిలోనూ ఎనిమిదో బిట్ వెలిగే ఉంటుంది. పద్ధతి ఎంపికలో ఈ సంగతిని చాలా మార్గదర్శక పత్రాలు పట్టించుకోవు.

డీఈఎస్ క్రిప్ట్‌ను తీసుకుంటే పరిస్థితి నవ్వొచ్చేలా ఉంటుంది. దానికి ఎనిమిది బైట్లే కనిపిస్తాయి. అంటే రెండు పూర్తి తెలుగు గుర్తులు, మూడో గుర్తులో మొదటి రెండు బైట్లు. తెలుగు గుర్తుల మొదటి బైటు ఎప్పుడూ ఒకటే. రెండో బైటుకు రెండే విలువలున్నాయి. మామూలు హల్లులన్నిటికీ ఆ రెండో బైటు ఒకటే. అందువల్ల తెలుగు, తెలంగాణ, తెనాలి అన్న మూడు మాటలూ డీఈఎస్ క్రిప్ట్ కంటికి ఒకే పాస్‌వర్డ్. ఒకటి పెట్టుకున్న వాడుకరి మిగతా రెంటితోనూ లోపలికి వెళ్ళవచ్చు. ఎంత పొడవైన తెలుగు మాట పెట్టినా దొంగ చూడాల్సిన కూర్పులు 32,768కి మించవు.

బీక్రిప్ట్‌కు 72 బైట్ల హద్దు ఉంది. ఇంగ్లిషులో అది పెద్ద వాక్యం. తెలుగులో 24 గుర్తులు. గుణింతాలు, పొల్లులు, సున్నాలు వేటికవే లెక్కలోకి వస్తాయి కనుక విశాఖపట్నం అన్న ఒక్క మాటకే 30 బైట్లు పోతాయి. నాలుగైదు మాటలతో పాస్‌వర్డ్ అల్లుకునే తెలుగువారికి చివరి మాటలు లెక్కలోకే రాకపోవచ్చు. షా పద్ధతులకూ, వాటి తరువాత వచ్చినవాటికీ ఈ ఇరుకు లేదు.

ఇంకో చిక్కు ఏ పద్ధతి మార్చినా తీరదు. ఐత్వం గుర్తుకు యూనికోడ్‌లో రెండు రూపాలున్నాయి: ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వానికి కింద ఇంకో గుర్తు చేర్చి రెండోది. తెర మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి, బైట్లు వేరు. ఒక కీబోర్డుతో పెట్టిన పాస్‌వర్డ్‌ను వేరే కీబోర్డుతో కొడితే క్రిప్ట్ దాన్ని వేరే మాటగానే చూస్తుంది. గ్రాఫిక్స్ లేని కన్సోల్‌లో తెలుగు టైపు చేసే ఏర్పాటు సాధారణంగా ఉండదు కూడా. రూట్ ఖాతాకు తెలుగు లిపి పాస్‌వర్డ్ పెట్టడం అందుకే తెలివైన పని కాదు.

మెమరీని పట్టే పద్ధతులు

కోలిన్ పెర్సివల్ 2009లో తెచ్చిన ఎస్‌క్రిప్ట్‌తో లెక్క మారింది. దొంగకు చవగ్గా దొరికేవి లెక్కగట్టే భాగాలు, ఖరీదైనది మెమరీ. ఒక్కో ఊహకూ పెద్ద మెమరీ తప్పనిసరి చేస్తే, వేలాది ఊహలను ఒకేసారి నడపడం ఖర్చుతో కూడిన పనవుతుంది. 2013లో మొదలై 2015లో ముగిసిన పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీ ఈ ఆలోచనకే పట్టం కట్టింది. వచ్చిన 24 ప్రతిపాదనల్లో లక్సెంబర్గ్ విశ్వవిద్యాలయం బృందం రూపొందించిన ఆర్గాన్2 గెలిచింది. ప్రత్యేక గుర్తింపు పొందిన నాలుగింటిలో వైఎస్‌క్రిప్ట్ ఒకటి.

వెబ్ అప్లికేషన్లు ఆర్గాన్2 వైపు వెళ్ళాయి. నెట్‌బీఎస్‌డీ కూడా తన పదో వెర్షన్లో దానికి చోటిచ్చింది. లినక్స్ లాగిన్‌కు మాత్రం నిలిచింది వైఎస్‌క్రిప్ట్. దాన్ని రాసినవారు సోలార్ డిజైనర్ అన్న పేరుతో ప్రసిద్ధులైన అలెగ్జాండర్ పెస్లియాక్. పాస్‌వర్డ్‌లను ఛేదించే జాన్ ద రిపర్ ప్రోగ్రామ్ కూడా ఆయనదే. తాళాలు విప్పేవారే గట్టి తాళాలు చేయడం మఫెట్ తరువాత ఇది రెండోసారి. వైఎస్‌క్రిప్ట్ గుర్తు డాలర్ల మధ్య ఇంగ్లిషు వై అక్షరం. డెబియన్ 11, ఫెడోరా 35 రెండూ 2021లో దీన్ని అలవాటు పద్ధతిగా చేసుకున్నాయి; ఉబుంటు 22.04 వాటి వెంట నడిచింది. మామూలు అమరికలో ఒక్కో లెక్కకు 16 మెబీబైట్లు పడుతుంది. రష్యా జాతీయ ప్రమాణపు హ్యాష్‌ను లోపల ఇముడ్చుకున్న రూపం కూడా ఉంది.

ఎంపికను నిర్ణయించేవి

కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన, ఒంటరిగా నడిచే లినక్స్ యంత్రానికి ప్రశ్నే లేదు: వైఎస్‌క్రిప్ట్ ఉంటే అదే, లేకపోతే బీక్రిప్ట్, రెండూ లేకపోతే చుట్లు పెంచిన షా-512. డీఈఎస్, ఎండీ5 జాబితాలో కనిపిస్తున్నా అవి పాత హ్యాష్‌లను చదవడానికి ఉంచినవే. ఎంపిక నిజంగా చిక్కుపడేది ఆ యంత్రం నలుగురితో కలిసి బతకాల్సినప్పుడు.

ఒకే పాస్‌వర్డ్ పట్టికను పలు యంత్రాలకు పంచే ఎన్‌ఐఎస్ వంటి ఏర్పాట్లలో, అందరికీ అర్థమయ్యే పద్ధతినే వాడాలి. గుంపులో ఒక్క పాత యూనిక్స్ యంత్రం ఉన్నా మొత్తం గుంపు దాని స్థాయికి దిగాల్సి వస్తుంది. చాలా సంస్థల్లో డీఈఎస్ క్రిప్ట్ ఏళ్ళ తరబడి బతికిపోవడానికి కారణం ఇదే. హ్యాష్‌లను కొత్త సర్వర్‌కు కాపీ చేసే ముందు అక్కడి క్రిప్ట్ లైబ్రరీకి ఆ గుర్తులు తెలుసో లేదో చూడకపోతే ఎవరూ లాగిన్ కాలేరు. పాత రోజుల్లో లినక్స్‌లో ఈ లైబ్రరీ గ్లిబ్‌సీ అనే మూల సీ లైబ్రరీలో భాగంగానే ఉండేది. ఆ తరువాత ఫెడోరా 2018లో లిబ్‌ఎక్స్‌క్రిప్ట్ అనే ప్రత్యేక లైబ్రరీకి మారింది, మిగతా పంపిణీలూ అదే బాట పట్టాయి. 2023లో వచ్చిన గ్లిబ్‌సీ 2.38 తన క్రిప్ట్‌ను మామూలుగా నిర్మించడమే మానేసింది.

నియమ నిబంధనలు మరో లెక్క. అమెరికా ప్రభుత్వ ప్రమాణాలకు కట్టుబడాల్సిన చోట బ్లోఫిష్, వైఎస్‌క్రిప్ట్ వంటివి ఆడిట్‌లో నెగ్గవు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 ఇంకా షా-512నే అలవాటు పద్ధతిగా ఉంచింది. ఆపిల్ మ్యాక్ వ్యవస్థ 2012 నుంచి పీబీకేడీఎఫ్2 పద్ధతిని షా-512తో నడుపుతోంది. భద్రతలో రెండో స్థానంలో ఉన్న పద్ధతి కాగితాల మీద మొదటి స్థానంలో ఉండటం ఈ రంగంలో మామూలే. అలాంటి చోట అడ్మిన్ చేయగలిగేది చుట్ల సంఖ్యను పెంచడం.

ఎంత పెంచాలన్నది యంత్రాన్ని బట్టి ఉంటుంది. లాగిన్‌కు పావు సెకను పట్టినా మనిషి గమనించడు. కానీ ఉదయం పది గంటలకు వందమంది ఒకేసారి లాగిన్ అయ్యే సర్వర్లో వైఎస్‌క్రిప్ట్ ఆ క్షణానికి 1.6 గిగాబైట్ల మెమరీ అడుగుతుంది. 32 మెగాబైట్లే ఉన్న చిన్న రౌటర్లో రెండు లాగిన్లు కలిస్తే ఊపిరాడదు. స్క్రిప్టులు నిమిషానికి వందసార్లు పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే చోట ఖర్చు పెంచితే ముందు కుంగేది సొంత సర్వరే. అక్కడ తాళంచెవుల జతతో నడిచే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు మారడం మేలు. ఖర్చు సంఖ్యను పుస్తకంలో చూసి కాకుండా, గుంపులో అన్నిటికంటే నెమ్మదైన యంత్రం మీద కొలిచి పెట్టుకోవాలి.

అమలు, పాత హ్యాష్‌లు

లినక్స్‌లో ఈ ఎంపిక ఈటీసీ డైరెక్టరీలోని లాగిన్ డెఫ్స్ ఫైల్లోనూ, లాగిన్ తనిఖీలను నడిపే పామ్ అమరికలోనూ ఉంటుంది. ఒక చోట మార్చి రెండో చోట మరిచిపోతే, వాడుకరి మార్చుకున్న పాస్‌వర్డ్ ఒక పద్ధతిలోనూ, అడ్మిన్ గంపగుత్తగా పెట్టినవి మరో పద్ధతిలోనూ తయారవుతాయి. బీఎస్‌డీలు లాగిన్ కాన్ఫ్ ఫైలును వాడతాయి. సోలారిస్ పాలసీ కాన్ఫ్‌లో ఏ పద్ధతులను అనుమతించాలి, దేన్ని వాడకం నుంచి తప్పించాలి అన్న వరుసలు విడివిడిగా ఉండటం మెచ్చుకోదగిన ఏర్పాటు.

సెట్టింగ్ మార్చగానే ఫైల్లోని హ్యాష్‌లు మారిపోతాయనుకోవడం తరచూ జరిగే పొరపాటు. అసలు పాస్‌వర్డ్ వ్యవస్థకే తెలియదు కనుక పాత హ్యాష్‌ను కొత్తగా మార్చే దారి దానికి లేదు. వాడుకరి మళ్ళీ పాస్‌వర్డ్ పెట్టుకున్నప్పుడే కొత్త పద్ధతి అమలవుతుంది. ఆ పని వేగంగా జరగాలంటే పాత గుర్తులున్న ఖాతాలను ఏరి, తరువాతి లాగిన్‌లోనే పాస్‌వర్డ్ మార్చుకునేలా గడువు ముగించాలి. షాడో ఫైల్లో రెండో గడిలోని గుర్తులను లెక్కపెడితే ఎవరు ఏ కాలంలో ఆగిపోయారో తేలిపోతుంది. ఆ లెక్క తీసినప్పుడు $1$ తో మొదలయ్యే వరుసలు ఎక్కువగా ఉద్యోగం వదిలి వెళ్ళినవారివీ, ఎప్పుడో ఏదో సాఫ్ట్‌వేర్ కోసం తెరిచి మరిచిన ఖాతాలవీ అయి ఉంటాయి. వాటిని కొత్త పద్ధతికి మార్చేందుకు లాగిన్ అయ్యేవారే ఉండరు.

అలాంటి ఖాతాకు తాళం వేసే మామూలు ఆదేశం హ్యాష్ ముందు ఒక ఆశ్చర్యార్థకం చేరుస్తుంది. లాగిన్ ఆగిపోతుంది, హ్యాష్ మాత్రం ఫైల్లోనే ఉంటుంది. ఫైలు దొరికినవాడికి ఆ ఒక్క గుర్తు అడ్డు కాదు. వెలికితీసిన పాస్‌వర్డ్‌ను ఆ వ్యక్తి ఇంకెక్కడ వాడి ఉంటాడో అక్కడ ప్రయత్నిస్తాడు. హ్యాష్‌ను పూర్తిగా చెరిపి ఆ గడిలో నక్షత్రం గుర్తు పెట్టడమో, ఖాతానే తీసేయడమో చేయాలి. షాడో ఫైలు పాత ప్రతి పక్కనే బ్యాకప్‌గా మిగులుతుంది, రాత్రిపూట తీసే టేపుల్లోకీ డిస్కుల్లోకీ వెళ్తుంది. ఈ రోజు చెరిపిన ఎండీ5 హ్యాష్ ఆ ప్రతుల్లో వాటి గడువు తీరేదాకా ఉంటుంది.